ఉమ్మడి కాపురమా, వేరు కాపురమా: రస్ట్, పైథాన్, కోట్లిన్ సరిహద్దు దగ్గర నా డైరీ

జూన్ 8

సంధులు విడదీసే ప్రోగ్రాం ఒక రూపానికి వచ్చింది. 'రాముడతడు' ఇస్తే 'రాముడు', 'అతడు' అని విడదీసి, ఏ సంధి జరిగిందో చెబుతుంది. ఇది రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. నిఘంటువులో లక్ష పైచిలుకు మాటలు వెతకాలి, ఒక్కో పదానికి పదుల కొద్దీ విరుపులు ప్రయత్నించాలి కాబట్టి వేగం కావాలి.

ఇది నా ఒక్కడి కోసం రాసింది కాదు. మా తెలుగు మాస్టారు రిటైరయ్యాక తెనాలిలో ఉంటున్నారు. పాత పుస్తకాలు స్కాన్ చేసి కంప్యూటర్ చేత చదివించిన పాఠాన్ని ఆయన దిద్దుతుంటారు. సంధి దగ్గర అక్షరం తప్పు పడితే కంప్యూటర్‌కి అది తప్పని తెలియదు, మామూలు స్పెల్ చెకర్‌కేమో పదం మొత్తం తప్పులాగే కనిపిస్తుంది. విడదీసి చూస్తే ఏ సగంలో తప్పుందో తేలిపోతుంది. ఆయన వాడే తెర పైథాన్‌లో ఉంది. పాఠం శుభ్రం చేసే స్క్రిప్టులు కూడా అందులోనే రాశాను. మా బాబాయి కొడుకు ఫోన్ కోసం కోట్లిన్‌లో ఒక యాప్ మొదలుపెట్టాడు. నేను రోజూ వాడే ఎడిటర్‌లోనూ ఇది పనిచేస్తే బాగుండునని నాకు ఆశ.

ఇన్ని భాషలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలి? దారులు ముఖ్యంగా రెండు. మొదటిది ఇంటర్‌ఫేస్. రస్ట్ కోడ్‌ని లైబ్రరీగా చేసి పైథాన్ ప్రాసెస్‌లోకే, అంటే నడుస్తున్న పైథాన్ ప్రోగ్రాంలోకే, ఎక్కించి, దాని ఫంక్షన్లను నేరుగా పిలవడం. ఇది ఉమ్మడి కాపురం: ఒకే ఇల్లు, ఒకే మెమరీ, మాట వెంటనే అందుతుంది. రెండోది ప్రోటోకాల్. రస్ట్‌ది వేరే ప్రాసెస్, పైథాన్‌ది వేరే ప్రాసెస్, మధ్యలో సందేశాలు. ఇది వేరు కాపురం, మాట్లాడాలంటే ఉత్తరం రాయాల్సిందే.

ప్రస్తుతానికి మొదటి దారి పట్టాను. కారణం వేగమే. అదే ప్రాసెస్‌లో ఫంక్షన్ పిలిస్తే మైక్రోసెకన్ల లెక్క. ఇంకో ప్రాసెస్‌కి సందేశం వెళ్ళి జవాబు రావాలంటే దానికి పదుల రెట్లు పడుతుంది.

జూన్ 11

మూడు రాత్రులు సీటైప్స్‌తో గడిపాను. పైథాన్ నుంచి సీ ఫంక్షన్లను పిలవడానికి ఉన్న పనిముట్టు ఇది. అది 2006లో వచ్చిన పైథాన్ 2.5 నుంచీ పైథాన్‌తోనే వస్తోంది, విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. రస్ట్ తన ఫంక్షన్ని 'ఎక్స్‌టర్న్ సీ' అని ప్రకటిస్తుంది, పైథాన్ దాన్ని సీ ఫంక్షన్ అనుకుని పిలుస్తుంది. రెండు కొత్త భాషలు మాట్లాడుకోవడానికి 1970ల నాటి సీ భాష మర్యాదలు పాటించాలి. ఆర్గ్యుమెంట్లు ఏ రిజిస్టర్లలో వెళ్ళాలి, స్ట్రక్చర్‌లో (కొన్ని విలువల కట్టలో) ఏ ఫీల్డ్ ఎక్కడ కూర్చోవాలి అన్నవి స్థిరంగా ఉన్నది ఆ సీ ఒప్పందంలోనే. రస్ట్ సొంత ఏర్పాటుకి అలాంటి హామీ లేదు, ఒక కంపైలర్ వెర్షన్‌కీ ఇంకోదానికీ మారిపోవచ్చు.

పడ్డ గోతులు రాసిపెడుతున్నాను. ఇంకెవరైనా అదే దారిలో వస్తే వాళ్ళకి మూడు రాత్రులు మిగులుతాయి.

మొదటిది: ఫంక్షన్ ఏం తిరిగిస్తుందో చెప్పకపోతే సీటైప్స్ దాన్ని 32 బిట్ల పూర్ణసంఖ్య అనుకుంటుంది. నా ఫంక్షన్ తిరిగిచ్చేది 64 బిట్ల పాయింటర్, అంటే మెమరీలో ఒక చిరునామా. పై సగం తెగిపోయింది. మిగిలిన సగాన్ని చిరునామా అనుకుని వెళితే అక్కడ మనది ఏమీ ఉండదు, ప్రోగ్రాం అక్కడికక్కడే కూలిపోతుంది. తిరిగొచ్చే రకాన్నీ, వెళ్ళే రకాలనీ ప్రతి ఫంక్షన్‌కీ చేత్తో రాసి తీరాలి.

రెండోది దీనికన్నా మెత్తగా దెబ్బ తీసింది. పాయింటర్ రకం సరిచేద్దామని 'సీ చార్ పీ' అని రాశాను. జవాబులన్నీ సరిగ్గా వచ్చాయి, సంతోషించాను. గంట తర్వాత చూస్తే మెమరీ పెరుగుతూనే ఉంది. ఆ రకం రాస్తే సీటైప్స్ మనకి మేలు చేస్తున్నాననుకుని పాయింటర్ చివర ఉన్న పాఠాన్ని పైథాన్ బైట్లుగా మార్చి చేతిలో పెడుతుంది. అసలు పాయింటర్ మనకి దక్కదు. అది రస్ట్ కేటాయించిన మెమరీ, దాన్ని మళ్ళీ రస్టే విడుదల చేయాలి. పాయింటర్ పారేసుకున్నాక ఏమని విడుదల చేయమంటాం? 'వాయిడ్ పీ' అని రాసి, పాఠాన్ని మనమే కాపీ చేసుకుని, పాయింటర్‌ని రస్ట్‌కి తిరిగి అప్పగించే ఇంకో ఫంక్షన్ రాశాక గానీ పెరుగుదల ఆగలేదు. ఎవరు కేటాయించారో వాళ్ళే విడుదల చేయాలి. ఈ నియమం ఏ భాషలోని ఏ టైపూ మనకి గుర్తుచేయదు.

మూడోది స్ట్రక్చర్. సంధి రకానికి 1 బైట్, మొదలు, చివర స్థానాలకి చెరో 8 బైట్లు. నేను 17 అనుకున్నాను, పైథాన్ వైపు అలాగే గట్టిగా ప్యాక్ చేసి రాశాను. కానీ 8 బైట్ల సంఖ్య 8తో భాగించబడే చోటే కూర్చోవాలి కాబట్టి సీ పద్ధతిలో మొదటి బైట్ తర్వాత 7 బైట్లు ఖాళీ వదులుతారు. మొత్తం 24. ప్యాకింగ్ తీసేశాక నా లినక్స్‌లో కుదిరింది, మాస్టారి విండోస్‌లో మళ్ళీ చెత్త సంఖ్యలు. పైథాన్ వైపు 'లాంగ్' అని రాశాను. 64 బిట్ల లినక్స్‌లో అది 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లే. సరిహద్దు మీద లాంగ్ అన్న మాటే వాడకూడదు, 'ఇంట్ 64' అని కొలతతో సహా రాయాలి.

ఇవన్నీ దాటాక మాత్రం నిజంగా హాయిగా ఉంది. పేజీ మొత్తం కన్ను మూసి తెరిచేలోగా విడిపోతోంది. మాస్టారికి పంపించాను.

జూన్ 14

మధ్యాహ్నం మాస్టారి ఫోన్.

"ఏమయ్యా, తెర ఉన్నట్టుండి మాయమైపోయింది. పొద్దుటి నుంచి దిద్దినవన్నీ ఉన్నాయా?"

చూశాను. లేవు. ఆయన అధ్యాయం పూర్తయ్యాక సేవ్ చేద్దామనుకున్నారు.

"లేవండీ మాస్టారూ. తప్పు నాదే. ఈ రాత్రికి చూస్తాను."

"సరేలే, మళ్ళీ చదువుకుంటాను. మంచి పుస్తకమే. కానీ ఈసారి పోకుండా చూడు నాయనా."

ఆ చివరి మాట రోజంతా గుర్తొస్తూనే ఉంది. డెబ్భై దాటిన మనిషి రెండు గంటల చూపు అది.

పైథాన్‌లో తప్పు జరిగితే ఎక్సెప్షన్ వస్తుంది, పట్టుకోవచ్చు, కనీసం సేవ్ చేసి పోవచ్చు. ఇక్కడ అదేమీ రాలేదు. రస్ట్ వైపు ప్యానిక్ అయింది, అంటే ఇక ముందుకి వెళ్ళలేనని రస్ట్ చేతులెత్తేసింది. 'ఎక్స్‌టర్న్ సీ' ఫంక్షన్ నుంచి ప్యానిక్ బయటికి పొంగితే, 2024 సెప్టెంబరులో వచ్చిన రస్ట్ 1.81 నుంచీ ప్రాసెస్‌నే ఆపేస్తారు. అంతకు ముందైతే ఏమవుతుందో చెప్పలేని స్థితి, కాబట్టి ఆపేయడమే మేలు, ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు. కానీ ఆ ప్రాసెస్ రస్ట్ ఒక్కదానిదే కాదు. పైథానూ, తెరా, సేవ్ చేయని దిద్దుబాట్లూ అన్నీ అదే ఇంట్లో ఉన్నాయి. ఉమ్మడి కాపురంలో వంటింట్లో నిప్పంటుకుంటే పడగ్గది కూడా మిగలదు.

ప్రతి నిమిషానికీ తనంతట తాను సేవ్ అయ్యేలా ముందు మార్చి పంపాను. అసలు కారణం రేపు.

జూన్ 15

కారణం దొరికింది. ఈ మొత్తం పనిలో నేను నేర్చుకున్నది ఇదే కాబట్టి నెమ్మదిగా రాస్తాను.

తెర మీద కర్సర్ పదంలో ఎక్కడుందో పైథాన్ ఒక సంఖ్యగా పంపుతుంది. రస్ట్ ఆ సంఖ్య దగ్గర పదాన్ని కోసి, ముందు సగాన్ని వెతుకుతుంది. సంఖ్య ఒకటే. కానీ 'నాలుగో స్థానం' అంటే ఆ రెండు భాషలకీ అర్థం ఒకటి కాదు.

'క్షేత్రం' తీసుకుందాం. మాస్టారిని అడిగితే రెండు అక్షరాలంటారు: క్షే, త్రం. పైథాన్‌ని అడిగితే 8. అది యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చే ప్రమాణం) గుర్తులను లెక్కపెడుతుంది: క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న. రస్ట్ 24 అంటుంది. అది యూటీఎఫ్-8 (ఆ గుర్తులను బైట్లుగా రాసే పద్ధతి) బైట్లను లెక్కపెడుతుంది, అందులో ప్రతి తెలుగు గుర్తుకీ 3 బైట్లు. కోట్లిన్ కూడా 8 అంటుంది కానీ దాని 8 వేరే 8. అది యూటీఎఫ్-16 అనే ఇంకో పద్ధతిలోని రెండేసి బైట్ల ముక్కలను లెక్కపెడుతుంది, తెలుగులో రెండూ ఒకటే అవడం కేవలం మన అదృష్టం.

పైథాన్ 4 పంపింది, అంటే ఏత్వం తర్వాత, 'క్షే' పూర్తయిన చోట. రస్ట్ నాలుగో బైట్ దగ్గర కోయబోయింది. అది పొల్లు గుర్తు మధ్యలో పడుతుంది. గుర్తు మధ్యలో కోయడానికి రస్ట్ ఒప్పుకోదు, ప్యానిక్ అవుతుంది. మరి నా పరీక్షల్లో ఇది ఎందుకు కనపడలేదు? వాటిలో కర్సర్ ఎప్పుడూ పదం మొదట్లోనే పెట్టాను. సున్నా ఏ లెక్కలోనైనా సున్నాయే.

నిజంగా భయపెట్టింది ఇది కాదు. కర్సర్ 3 దగ్గరో 6 దగ్గరో ఉంటే? మూడో బైట్ దగ్గర ఒక గుర్తు సరిగ్గా పూర్తవుతుంది. రస్ట్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా కోస్తుంది, కానీ కోసేది ఒక్క గుర్తు తర్వాత, మనం అడిగింది మూడు గుర్తుల తర్వాత. కూలిపోదు, తప్పు జవాబు మర్యాదగా తిరిగొస్తుంది. మాస్టారికి నాలుగు రోజులుగా అప్పుడప్పుడు వింత సూచనలు వస్తున్నాయట. పాత పుస్తకం కదా, పాత మాటలేమోలే అనుకుని ఆయన వదిలేశారు.

ఫంక్షన్ సంతకంలో, అంటే ఏ రకాలు వెళ్తాయో ఏ రకం తిరిగొస్తుందో చెప్పే వరుసలో, ఈ తేడా ఎక్కడా లేదు. రెండు వైపులా 'ఇంట్ 64' అనే ఉంది. టైపులు కుదిరాయి, అర్థం కుదరలేదు. ఇంటర్‌ఫేసా ప్రోటోకాలా అని వారం పాటు వేగం చూసి తూచాను. ముందు తేల్చాల్సింది సరిహద్దు దాటే ప్రతి సంఖ్యా దేన్ని లెక్కపెడుతోంది అన్నది.

అయితే ఏ కొలత ఎంచుకోవాలి? మనసుకి నచ్చింది మాస్టారి లెక్క, అక్షరాల లెక్క. మనిషికి అర్థమయ్యేది అదే. కానీ కుదరదని తేలింది. కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికి యూనికోడ్ వాళ్ళు 'గ్రాఫీమ్ క్లస్టర్' అని ఒక నియమం ఇచ్చారు. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌కి ముందు ఆ నియమం ప్రకారం 'క్షేత్రం' నాలుగు ముక్కలు: క్, షే, త్, రం. 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒక్కటిగా చూసే నియమం చేరింది కాబట్టి ఇప్పుడు రెండు. ఒక వైపు లైబ్రరీ పాతది, ఇంకో వైపుది కొత్తది అయితే అదే పదానికి రెండు లెక్కలొస్తాయి. తెర మీద కర్సర్ జరపడానికి అక్షరాల లెక్క బాగుంటుంది, ఒప్పందానికి పనికిరాదు.

బైట్లనే ఎంచుకున్నాను. సరిహద్దు దాటేది చివరికి బైట్లే కాబట్టి రెండు వైపులా చూసేది కచ్చితంగా అదే వస్తువు, లెక్కలో అభిప్రాయభేదానికి చోటు లేదు. ఫీల్డ్ పేర్లలోనే కొలత ఉండాలని 'మొదలు' తీసేసి 'మొదలు_బైట్' అని పెట్టాను. ఇంకోటి కూడా చేర్చాను: స్థానంతో పాటు ఆ ముక్కని కూడా జవాబులో పంపాలి. అందుకున్న వైపు తన దగ్గరున్న పాఠాన్ని అదే స్థానాల్లో కోసి, వచ్చిన ముక్కతో పోల్చాలి. కుదరకపోతే అక్కడే ఆగి గట్టిగా అరవాలి. కొన్ని బైట్లు ఎక్కువ ఖర్చవుతాయి, అవనీ.

ఒప్పందంలో ఇంకో వాక్యం: పంపిన పాఠాన్ని ఎవరూ మార్చకూడదు. ఐత్వం గుర్తుని యూనికోడ్‌లో ఒక గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తుల జంటగానూ రాయొచ్చు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మంచి ఉద్దేశంతోనే అయినా ఒక వైపు దాన్ని మారిస్తే 'చైత్రం' దగ్గర స్థానాలన్నీ మూడు బైట్లు జరిగిపోతాయి.

జూన్ 21

ప్యానిక్‌ని సరిహద్దులోనే పట్టుకుని ఎర్రర్‌గా తిరిగివ్వొచ్చు, రస్ట్‌లో దానికి 'క్యాచ్ అన్‌వైండ్' ఉంది. పెట్టాను కూడా. కానీ అది పట్టలేనివి ఉన్నాయి. ఫంక్షన్ పిలుపులను గుర్తుంచుకునే మెమరీ, అంటే స్టాక్, నిండిపోతే పట్టదు. నా విడదీసే ఫంక్షన్ తనని తాను పిలుచుకుంటూ వెళ్ళే రకం. ఆ ప్రమాదం ఊహ కాదు. అందుకని మాస్టారి తెర కోసం వేరు కాపురం పెట్టించాను. రస్ట్ వేరే ప్రాసెస్. పైథాన్ దాన్ని మొదలుపెట్టి, దాని స్టాండర్డ్ ఇన్‌పుట్‌కి ఒక్కో వరుసలో ఒక్కో జేసన్ సందేశం (పేరు, విలువ జంటలుగా రాసిన పాఠం) పంపుతుంది, స్టాండర్డ్ అవుట్‌పుట్ నుంచి జవాబు చదువుతుంది. సర్వర్ లేదు, పోర్టు లేదు.

వేగం తగ్గిందా? తగ్గింది. మాస్టారికి తెలిసిందా? తెలియలేదు. ఒక్కో పదానికి ఒక్కో సందేశం కాకుండా పేరా మొత్తం ఒకే సందేశంలో పంపితే సరిహద్దు దాటే ఖర్చు లెక్కలోకే రాదు. ఎంత వేగంగా దాటగలం అన్నదాని కన్నా ఎన్నిసార్లు దాటుతున్నాం అన్నదే ముఖ్యమైంది.

ఈ దారిలో గోతులు వేరే రకం.

మొదట్లో రెండు ప్రాసెస్‌లూ కదలకుండా కూర్చున్నాయి. తప్పేమీ లేదు, ఎర్రర్ లేదు. పైథాన్ రాసిన సందేశం దాని బఫర్‌లోనే (పంపేముందు పోగుచేసే చోట) ఉండిపోయింది, ఫ్లష్ చేయలేదు, అంటే బయటికి తోయలేదు. ఇదింకా పంపలేదు, అది ఇంకా అందలేదని ఎదురుచూస్తోంది, అది జవాబిస్తుందని ఇది ఎదురుచూస్తోంది. ప్రతి సందేశం తర్వాతా ఫ్లష్ అని రాశాను, కదిలింది.

తర్వాత పూర్తి అధ్యాయంతో ప్రయత్నించాను. సగంలో మళ్ళీ ఆగింది. సందేశాల పరిమాణం చూస్తే నేను ఊహించినదానికి దాదాపు రెట్టింపు ఉంది. పైథాన్ జేసన్ రాసేటప్పుడు ఇంగ్లీషు కాని ప్రతి గుర్తునీ వెనక్కి వాలిన గీత, 'యూ', నాలుగు అంకెలుగా మారుస్తుంది, అంటే ఒక్కో తెలుగు గుర్తుకి 6 బైట్లు. నేరుగా యూటీఎఫ్-8లో రాస్తే మూడే. 'ఎన్ష్యూర్ ఆస్కీ' అన్న ఆప్షన్ ఆపేశాను. సందేశాలు చిన్నవయ్యాయి, అధ్యాయం చివరిదాకా వెళ్ళింది. సమస్య తీరిందనుకుని పడుకున్నాను.

తీరలేదు. పొద్దున్నే ఇంకా పెద్ద అధ్యాయంతో మళ్ళీ ఆగింది. నేను కొండని పక్కకి జరిపానే గానీ తవ్వలేదు. లినక్స్‌లో రెండు ప్రాసెస్‌ల మధ్య సందేశాలు పారే పైపుకి మామూలుగా 65,536 బైట్ల చోటుంటుంది. నేను సందేశాలన్నీ వరసగా రాసేసి, ఆ తర్వాత జవాబులు చదువుదామనుకున్నాను. రస్ట్ జవాబులు రాస్తూ పోయింది, చదివేవాళ్ళు లేక జవాబుల పైపు నిండింది, అక్కడ ఆగింది. అది ఆగాక నా సందేశాల పైపు నిండింది, నేను ఆగాను. ఇక ఇద్దరికీ విముక్తి లేదు. సందేశాలు చిన్నవి చేయడంతో అదే గొయ్యి ఇంకాస్త దూరంలోకి జరిగింది, అంతే. జవాబులు చదవడానికి విడిగా ఒక థ్రెడ్ పెట్టాను. ఎప్పుడైనా జవాబు రాని సందేశాలు నాలుగుకి మించకూడదని కూడా పెట్టాను. ఇప్పుడు ఎంత పెద్ద పుస్తకమైనా వెళుతోంది.

జూన్ 24

పొట్టి నోట్. జీఆర్‌పీసీ (ఒక ప్రోగ్రాం ఫంక్షన్లను ఇంకో ప్రోగ్రాం సందేశాలతో పిలిచే వ్యవస్థ) పెట్టమని ఆఫీసులో ఒక మిత్రుడి సలహా. రెండు రోజులు చదివాను. గూగుల్ 2015లో బయటపెట్టింది, చాలా భాషల్లో పక్కాగా ఉంది. పది యంత్రాల మీద పది సర్వీసులుంటే నేనూ అదే తీసుకునేవాణ్ణి. కానీ ఒకే కంప్యూటర్‌లో ఒకే తెర కోసం అది నడిచే వెబ్ ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ-2 మొత్తాన్ని లోపలికి తేవడం నాకు సబబుగా అనిపించలేదు. పైగా ఏదైనా తేడా వస్తే నేను ఆ పైపు మధ్యలో సందేశాన్ని కంటితో చదవాలి. తెలుగు పాఠం తెలుగులోనే కనిపించాలి.

దాని కింద సందేశాల రూపం చూసుకునే ప్రోటోబఫ్ నుంచి మాత్రం ఒక క్రమశిక్షణ తీసుకున్నాను. అందులో ప్రతి ఫీల్డ్‌కీ ఒక నంబరు ఉంటుంది. ఫీల్డ్ తీసేసినా ఆ నంబరు మళ్ళీ ఇంకోదానికి ఇవ్వకూడదు, తెలియని ఫీల్డ్ వస్తే వదిలేసి ముందుకి పోవాలి. నా జేసన్‌లో నంబర్లు లేవు, పేర్లకే ఆ నియమం పెట్టుకున్నాను. 'మొదలు' అన్న పేరు ఒకసారి తప్పు కొలతతో వాడాను కాబట్టి అది ఇక ఎప్పటికీ తిరిగి రాదు. ప్రతి సందేశంలోనూ వెర్షన్, వరస సంఖ్య తప్పనిసరి.

జూన్ 29

తమ్ముడు ఫోన్ యాప్ గురించి అడిగాడు. "అన్నయ్యా, నేనూ ప్రాసెస్ లేపి పైపు పెట్టుకోనా?"

వద్దన్నాను. ఆండ్రాయిడ్ 10ని గానీ ఆ తర్వాతి వెర్షన్లని గానీ లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లు తమ సొంత ఫోల్డర్‌లోకి రాసుకున్న ఫైల్‌ని ప్రోగ్రాంగా నడపకుండా అడ్డుకట్ట ఉంది. అడ్డదారులున్నాయి కానీ ఫోన్‌లో ప్రాసెస్ ఎప్పుడు బతుకుతుందో ఎప్పుడు పోతుందో మన చేతిలో లేదు. అక్కడ ఉమ్మడి కాపురమే దారి: జేఎన్ఐ, అంటే జావా, కోట్లిన్ కోడ్ నుంచి రస్ట్ లాంటి భాషల ఫంక్షన్లను పిలిచే దారి. జావాకి అది 1997 నుంచీ ఉంది. డెస్క్‌టాప్ జావాలో దానికి బదులుగా 2024లో జావా 22తో కొత్త ఫారిన్ ఫంక్షన్ ఏపీఐ వచ్చింది కానీ ఆండ్రాయిడ్‌లో మనకి జేఎన్ఐయే.

మళ్ళీ స్ట్రక్చర్లు, పాయింటర్లు, ఎవరు విడుదల చేయాలి అన్న గొడవలన్నీ మొదటి నుంచి పడాలేమోనని టెన్షన్ పడ్డాను. కానీ పైపు కోసం రాసుకున్న సందేశం చేతిలో ఉంది కదా. దాన్నే ఇక్కడ ఎందుకు వాడకూడదు? లైబ్రరీకి ఒక్కటే ముఖ్యమైన ఫంక్షన్: బైట్లు తీసుకుంటుంది, బైట్లు తిరిగిస్తుంది. లోపల అదే జేసన్, అవే ఫీల్డ్ పేర్లు, అదే వెర్షన్. అదే ఉత్తరం, కాకపోతే అక్కడ పోస్టులో వేస్తున్నాం, ఇక్కడ చేతికిస్తున్నాం. స్ట్రక్చర్ లేదు కాబట్టి 24 బైట్లా 12 బైట్లా అన్న ప్రశ్నే రాదు. రెండు వారాలు నన్ను తినేసిన ఎంపిక, సందేశం కుదిరాక ఒక్క సాయంత్రం పనైపోయింది.

స్ట్రింగ్‌గా కాకుండా బైట్ల వరసగా పంపమని తమ్ముడికి గట్టిగా చెప్పాను. జేఎన్ఐ స్ట్రింగ్ ఫంక్షన్లు వాడేది అచ్చమైన యూటీఎఫ్-8 కాదు, దాన్ని కొంచెం మార్చిన రూపం. మామూలుగా 4 బైట్లు పట్టే గుర్తుని అది మూడేసి బైట్ల రెండు ముక్కలుగా, 6 బైట్లలో రాస్తుంది. తెలుగు గుర్తులకి తేడా రాదు. కాబట్టే పరీక్షల్లో దొరకదు, ఎవరో ఒక ఎమోజీ పెట్టిన రోజు స్థానాలన్నీ జరిగిపోతాయి. బైట్లుగా తీసుకుని కోట్లిన్‌లోనే యూటీఎఫ్-8గా విప్పుకుంటే ఈ చిక్కే లేదు.

జూలై 5

ఎడిటర్ వంతు. ఇక్కడ ఎంచుకోవడానికేం లేదు, ఎంపిక ఎవరో ముందే చేసి పెట్టారు. 2016లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ఉంది. అంతకు ముందు ప్రతి ఎడిటర్‌కీ ప్రతి భాషకీ విడివిడిగా ప్లగిన్ రాయాలి. ఇప్పుడు సర్వర్ ఒకసారి రాస్తే ఆ ప్రోటోకాల్ తెలిసిన ఎడిటర్లన్నిటికీ సరిపోతుంది. ఇది కూడా జేసన్ సందేశాలే, కాకపోతే వరసకొకటి కాదు, ప్రతి సందేశం ముందూ దాని పొడవు బైట్లలో రాస్తారు.

స్థానాలు మాత్రం బైట్లు కావు. అందులో మామూలు కొలత యూటీఎఫ్-16. 2022 నాటి 3.17 వెర్షన్ నుంచి ఎడిటరూ సర్వరూ మొదట్లోనే మాట్లాడుకుని వేరే కొలత ఒప్పుకోవచ్చు, కానీ యూటీఎఫ్-16 అందరికీ తెలిసి ఉండాల్సిందే. నా రస్ట్ లోపలి లెక్క బైట్లు. మార్చేది ఒకే ఒక్క ఫైల్‌లో ఉండాలని పెట్టుకున్నాను. సరిహద్దు దగ్గరే మార్చాలి, లోపలికి రానివ్వకూడదు.

పరీక్షకి మాస్టారే సామగ్రి ఇచ్చారు. తెలుగు లిపి ఎలా పుట్టిందో చెప్పే ఒక వ్యాసం, మధ్యలో బ్రాహ్మీ అక్షరాలున్నాయి. యూనికోడ్‌లో తెలుగు మొదటి 65,536 స్థానాల లోపలే ఉంది, బ్రాహ్మీ దాన్ని దాటి ఉంది. ఒక్కో బ్రాహ్మీ గుర్తు పైథాన్‌కి 1, యూటీఎఫ్-16లో 2, బైట్లలో 4. ఇంతకన్నా మంచి పరీక్ష నేను కల్పించలేను. మొదటిసారి నడిపితే, బ్రాహ్మీ ఉన్న ప్రతి వరసలోనూ ఎర్ర గీత పదం కింద కాకుండా పక్కకి జరిగి పడింది. మార్చే ఫైల్‌లో గుర్తుల లెక్కనే యూటీఎఫ్-16 లెక్క అనుకున్న చోటు ఒకటి మిగిలిపోయింది. సరిచేశాను. బ్రాహ్మీలోంచి పుట్టిన లిపి కోసం రాసిన పనిముట్టుని బ్రాహ్మీ అక్షరమే దిద్దడం చూస్తే మనసు నిండింది. ఆ వ్యాసం ఇప్పుడు పరీక్షల్లో శాశ్వతంగా ఉంటుంది.

జూలై 12

ఇవాళ కావాలని చంపి చూశాను. మాస్టారి తెర మీద అధ్యాయం నడుస్తుండగా రస్ట్ ప్రాసెస్‌ని బలవంతంగా ఆపాను. పైథాన్‌కి పైపు తెగిందని తెలిసింది, కొత్త ప్రాసెస్ లేపింది, జవాబు రాని మూడు సందేశాలను వరస సంఖ్య చూసి మళ్ళీ పంపింది. తెర మీద గీతలు అర సెకను ఆలస్యమయ్యాయి. అంతే.

సాయంత్రం మాస్టారికి కొత్తది పంపాను. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశారు. మూడు అధ్యాయాలు అయ్యాయట. ఎక్కడైనా ఆగిందా అని అడిగితే "లేదే, ఏం ఆగాలా?" అన్నారు. లాగ్ తెరిచి చూస్తే రెండుసార్లు పడి లేచింది. రెండుసార్లూ ఒకే పదం దగ్గర, ఒక వర్ణనలోని పెద్ద సమాసం. ఒకే సందేశం రెండుసార్లు ప్రాసెస్‌ని పడేస్తే దాన్ని పక్కన పెట్టి ముందుకి పోవాలని రాసుకున్న నియమం ఈ పదంతోనే మొదటిసారి పనిచేసింది.

పదాన్ని విడిగా నడిపి చూశాను. ఒక సంధి సూత్రం ఎడమ వైపు ఏమీ మిగల్చకుండా పదం మొత్తాన్ని కుడి వైపే తిరిగిస్తోంది. ఫంక్షన్ అదే పదంతో మళ్ళీ తనని తాను పిలుచుకుంటోంది, స్టాక్ నిండేదాకా. ఏ సూత్రమైనా పదాన్ని కనీసం ఒక గుర్తు చిన్నది చేసి తీరాలని రేపు పరీక్ష రాయాలి. ఫోన్‌లో ఇది ఉమ్మడి కాపురం కాబట్టి ఈ పదం అక్కడ యాప్‌నే పడేస్తుంది. ఆ పరీక్ష పాసయ్యేదాకా కొత్త వెర్షన్ బయటికి వదలొద్దని తమ్ముడికి మెసేజ్ పెట్టాను.